పక్షులకు మాత్రమే కనిపించే దీపం

గుల్లమొగ పర్ర మీద పక్షుల లెక్క రాసే రిజిస్టరులో రెండేళ్ళుగా ఉన్న సున్నలన్నీ నా చేతిరాతే. మొదటి సున్న రాసిన రోజు ప్రయోగశాలలో మేం ముగ్గురం కాజాలు తెప్పించుకుని తిన్నాం. ఆ సంగతి చెప్పాలంటే ఇప్పుడు నాకు నోరు రాదు. అయినా చెప్పక తప్పదు.

గుల్లమొగ మా ఊరే. గోదావరి పాయ ఒకటి అక్కడ సముద్రంలో కలుస్తుంది. పాటు వచ్చి నీళ్ళు వెనక్కి తగ్గితే ఊరి ముందు మూడు కిలోమీటర్ల బురద బయటపడుతుంది. దాన్నే పర్ర అంటాం. మా అమ్మ కాసులమ్మ, ఊళ్ళో మరో నలభై మంది ఆడవాళ్ళు ఆ బురదలో గుల్లలు ఏరి బతుకుతారు. సెప్టెంబరులో సైబీరియా వైపు నుంచి ఉల్లంకి పిట్టలు వస్తాయి. ఏప్రిల్ చివరిదాకా బురదలో ముక్కులు గుచ్చి పురుగులు తిని, ఒళ్ళు చేసి, తిరిగి వెళ్ళిపోతాయి. పిట్టలు గుంపుగా దిగిన చోట బురదలో జీవం ఉన్నట్టు లెక్క. అవి తిని లేచాక ఆడవాళ్ళు అక్కడికి దిగుతారు. అవి లేవకముందు ఎవరైనా దిగితే మిగతావాళ్ళు కేకలేస్తారు.

ఊరి బడిలో చదివే రోజుల్లో నేను గట్టు మీద కూర్చుని, ఒక్కో పిట్ట నిమిషానికి ఎన్నిసార్లు ముక్కు గుచ్చుతుందో లెక్కపెట్టేదాన్ని. ఎక్కువ మాట్లాడే పిల్లను కాను. చూస్తూ కూర్చోవడం ఒక్కటే వచ్చు. ఆ చూడటమే నన్ను విశ్వవిద్యాలయంలో హైమవతి గారి దగ్గర పరిశోధనకు చేర్చింది.

హైమవతి గారు ఈ తీరంలో పాతికేళ్ళుగా వలసపక్షుల్ని లెక్కపెడుతున్నారు. ఆవిడ మొదలుపెట్టిన ఏడాది లక్ష ఉల్లంకులు కనిపించాయట. నేను చేరేనాటికి పద్దెనిమిది వేలు. వలల్లో చిక్కి కొన్ని, కుక్కల బారిన పడి కొన్ని, రొయ్యల చెరువుల మురుగు పడిన చోట తిండి లేక కొన్ని. గుల్లమొగకు పదకొండు కిలోమీటర్ల దూరంలో కొత్తతిప్ప అనే దీవి ఉంది. మడ అడవి, కాపలా, మనుషులు అడుగుపెట్టని బురద. "అక్కడికి వెళ్ళండర్రా అంటే ఈ పిట్టలు వినవు కదా" అని ఆవిడ విసుక్కునేవారు.

వినిపించే ఉపాయం ఇమ్మానియేలు కనిపెట్టాడు. అతను భౌతికశాస్త్రం నుంచి మా ప్రయోగశాలకు వచ్చినవాడు. ఒకరోజు పొద్దున్నే నన్ను పక్షుల గదిలోకి పిలిచాడు. వల పంజరంలో తొమ్మిది ఉల్లంకులు ఒక్కోటి ఒక్కో దిక్కుకు తిరిగి నిలబడ్డాయి. గది మూలలో మూత బిగించిన బిస్కెట్ల డబ్బా ఉంది.

"చూస్తూ ఉండు వేణీ" అని మీట నొక్కాడు.

తొమ్మిది ముక్కులూ డబ్బా వైపు తిరిగాయి. శబ్దం లేదు, వెలుతురు లేదు, వాసన లేదు. మీట తీస్తే ఎవరి దారి వాళ్ళదే అన్నట్టు మళ్ళీ చెదిరిపోయాయి. మళ్ళీ నొక్కితే మళ్ళీ తొమ్మిదీ ఇటే.

"నాకేం కనిపించలేదు" అన్నాను.

"నీకెందుకు కనిపిస్తుంది? నీకది రేకు డబ్బా. వాటికి పెళ్ళిపందిరి."

పక్షులు భూమి అయస్కాంత దిక్కును కంటితో చూస్తాయని శాస్త్రవేత్తల ఊహ. ఆకాశంలో ఒక నీడలా, ఒక మెరుపులా వాటికి అది కనిపిస్తూ ఉంటుందట. ఇమ్మానియేలు డబ్బాలోని రాగి తీగ చుట్ట ఆ చూపులో ఒక చిన్న వెలుగు పుట్టించింది. దాన్ని మేం దీపం అన్నాం. దాని బలం పెంచి, ప్లాస్టిక్ గొట్టంలో బిగించి, కొత్తతిప్ప బురదలో పాతాం. అది సెప్టెంబరు. అక్టోబరు పదమూడున గుల్లమొగలో ఒక్క పిట్ట లేదు. కొత్తతిప్ప మీద పద్నాలుగు వేలు.

ప్రాజెక్టు నివేదికలో మేం పెట్టిన శీర్షిక "ప్రమాద స్థలాల నుంచి తరలింపు". దాని కింద సున్నలు ఎంత ఎక్కువ ఉంటే మేం అంత గెలిచినట్టు. నేను సున్నను గుండ్రంగా, అందంగా చుట్టాను.

ఆ నెలలోనే అమ్మ ఫోన్ చేసింది.

"ఏమే, పిట్టలేవే?"

"కొత్తతిప్పకు వెళ్ళాయమ్మా. అక్కడైతే వలలుండవు, కుక్కలుండవు."

"ఆటికి బాగానే ఉంది. మాకో? ఏ మూల తవ్వాలో తెలవక గుడ్డోళ్ళల్లే తవ్వుతున్నాం. నిన్న నూకరత్నం పొద్దల్లా తవ్వి అరగంప తెచ్చింది."

"అలవాటవుతుందమ్మా" అన్నాను. అంతకంటే తెలివితక్కువ మాట నేను ఈ జన్మలో అనలేదు.

రెండో ఏడాది ఫిబ్రవరిలో తీరభూముల కమిటీ నుంచి కాగితం వచ్చింది. గుల్లమొగ పర్రను ఓడల మరమ్మతు యార్డుకు ఇవ్వాలని ప్రతిపాదన. పక్షులు వాడే పర్ర అయితే ఇవ్వడానికి వీల్లేదు. వాడనిదైతే ఇవ్వొచ్చు. వాడటం లేదనడానికి రుజువుగా కాగితం వెనక జతచేసిన పేజీలు మా నివేదికలోవే. నా సున్నలు.

హైమవతి గారు నన్ను వెంటబెట్టుకుని కమిటీ ఆఫీసుకు వెళ్ళారు. అక్కడి అధికారి శ్రీహరిరాజు గారు మర్యాదస్తుడు. కుర్చీలు వేయించారు, టీ తెప్పించారు, ఏం చెప్పినా తల ఊపారు.

"పక్షులు వాటంతటవి పోలేదండీ, మేం తీసుకెళ్ళాం" అన్నారు హైమవతి గారు.

"నిజమే మేడం. కానీ ఫారంలో ఎన్ని ఉన్నాయన్న గడి ఉంది. ఎందుకు లేవన్న గడి లేదు."

"ఆ ఫారం తయారుచేసింది నేనే" అన్నారావిడ, గొంతు తగ్గించి.

"అందుకే కదండీ దాన్ని మేం నమ్మేది" అన్నారాయన. వెటకారం కాదు. నిజంగానే అన్నారు.

ఆఖరి నిర్ణయానికి ముందు ఇరువైపులా కలిసి ఒక లెక్క తీద్దామన్నారు. ఏప్రిల్ తొమ్మిది, సముద్రం నీళ్ళు పర్రను ముంచే పోటు సమయం. ఆ లెక్కలో సున్న వస్తే పర్ర యార్డుకు పోతుంది.

ఈ సంగతి చెప్పడానికి ఊరు వెళ్ళాను. అమ్మ గంప కడుగుతూ విని, తల అడ్డంగా ఊపింది.

"సున్న ఏటే? పాటులో ముప్పయ్యో నలభయ్యో ఒత్తానే ఉన్నాయి కదా, ఆ పాత కాలవ దగ్గరికి. తిని ఎల్లిపోతన్నాయి."

"మా లెక్క పోటులోనే తీస్తామమ్మా."

"పోటులో బురదంతా నీళ్ళకింద ఉంటే పిట్టలేం తింటాయే? తినే ఏళ సూడకుండా పడుకునే ఏళ లెక్కెడతారా? ఎవడు సెప్పేడే మీకు?"

పోటులో పక్షులన్నీ గట్టు మీద ఒక్కచోట గుమిగూడతాయి, లెక్క తేలిక, తప్పు రాదు. అందుకని ఆ నియమం. అవి పడుకునే గట్టును మేం దీపంతో కొత్తతిప్పకు మార్చేశాం. ఇక్కడికి వచ్చి తినేవి ఏ లెక్కలోకీ రాకుండా పోయాయి. చిన్నప్పుడు నేను లెక్కపెట్టింది అవి తినేటప్పుడే. పెద్ద చదువు చదివాక పడుకున్నప్పుడు లెక్కపెట్టడం నేర్చుకున్నాను. అమ్మ చేతిలోంచి గంప అందుకుని నేనే కడిగాను.

మార్చి చివర కొత్తతిప్పలో వల వేసి పక్షుల్ని తూచాం. చిన్న గుడ్డ సంచిలో తలకిందులుగా ఉంచి త్రాసుకు వేలాడదీస్తాం. ఆ వారానికి ఒక్కో ఉల్లంకి డెబ్బై గ్రాములు ఉండాలి. అప్పుడే వేల కిలోమీటర్లు ఎగరగల కొవ్వు ఉన్నట్టు. మొదటిది యాభై రెండు. రెండోది యాభై. ముప్పై పిట్టల్ని తూచాం. అరవై దాటింది ఒక్కటీ లేదు. చేతిలో పట్టుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది.

"ఐదు వేలకు సరిపడే బురదలో పద్నాలుగు వేల ముక్కులు పెట్టాం మేడం" అన్నాను.

హైమవతి గారు త్రాసు వైపే చూస్తున్నారు. "త్రాసు సరిచూశావా?"

"రెండుసార్లు చూశాను."

"మళ్ళీ చూడు."

మూడోసారి చూశాను. ఆవిడ నమ్మలేదని నాకు తెలుసు, నమ్మారని కూడా తెలుసు. పడవ ఎక్కేముందు ఆవిడే బురదలోకి దిగి, దీపం మీట తీసేశారు. చీర కుచ్చిళ్ళు నల్లగా అయ్యాయి. "పోతాయిలే, వాటి చోటు వాటికి తెలియదూ" అన్నారు.

పోలేదు. ఐదు రోజులు చూశాం. వాటిలో సగానికి సగం నిరుడు, అంతకు ముందేడు పుట్టిన పక్షులు. వాటికి గుల్లమొగ అనేది ఒకటుందనే తెలియదు. ముసలివాటికి కూడా రెండేళ్ళలో కొత్తదారి కంఠతా వచ్చేసింది. దీపం లేని గొట్టం చుట్టూనే ఆకలితో గుచ్చుకుంటూ తిరిగాయి. పదకొండు కిలోమీటర్ల అవతల గుల్లమొగ బురదలో రెండేళ్ళుగా దాదాపు ఏ పిట్టా తినని పురుగులు నిండుగా ఉన్నాయి. నేను పారతో తవ్వి చూశాను. ఒక్క పెళ్ళలో అరవై మూడు.

దీపాన్ని గుల్లమొగకు మార్చడానికి అనుమతి అడిగాం. విశ్వవిద్యాలయం కమిటీ జూన్ రెండున కూర్చుంటుందని జవాబు వచ్చింది. ఏప్రిల్ ఆఖరుకి పక్షులు బయలుదేరాలి. హైమవతి గారు ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి, బల్ల సొరుగులో పెట్టి, సొరుగు గట్టిగా మూశారు. మళ్ళీ తెరిచి మళ్ళీ మూశారు. చేయడానికి ఇంకేమీ లేదు ఆవిడకు.

ఇమ్మానియేలు నన్ను వరండాలోకి పిలిచాడు.

"దీపం కడగడానికి తెచ్చాను. బ్యాటరీ నిండుగా ఉంది. నేను భోజనానికి వెళ్తున్నా. గంట పడుతుంది."

"ఏడో నియమం తెలుసా నీకు?" అన్నాను. ఆ నియమం హైమవతి గారు చెప్తుంటే నేను రాసిందే. పక్షుల్ని రప్పించే సాధనం ఏదైనా రెండు కిలోమీటర్ల లోపల ఉంటే ఆ లెక్క చెల్లదు, తర్వాతి వలస కాలంలో మళ్ళీ తీయాలి. వేటగాళ్ళు ఎర పక్షుల్ని కట్టేస్తారని ఆ జాగ్రత్త.

"తెలుసు. కానీ దీన్ని చూసేదెవరే? మీ ఊళ్ళో వల గుంజలు రెండొందలు. ఇది రెండొందల ఒకటోది." కాస్త ఆగి, "దొరికితే మాత్రం నీ పీహెచ్‌డీ గల్లంతే. అది కూడా ఆలోచించుకో. నేనైతే చికెన్ బిర్యానీ తినబోతున్నా, నెమ్మదిగా" అని వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ ఆరు పొద్దున దీపాన్ని గుల్లమొగ బురదలో, వల గుంజల వరసలో పాతాను. మధ్యాహ్నం పాటుకు నలభై పక్షులు. మర్నాటికి రెండు వేలు. ఎనిమిదో తేదీ ఉదయం గట్టు మీద నిలబడితే పర్ర కనిపించలేదు, పక్షులే కనిపించాయి. ఆడవాళ్ళు గంపలు కింద పెట్టి చూస్తూ నిలబడ్డారు. నూకరత్నం పిన్ని నా భుజం మీద చరిచి, "ఏం మంత్రం ఏసేవే?" అంది.

అమ్మను పక్కకు తీసుకెళ్ళి అంతా చెప్పాను.

"అమ్మా, ఇవి వాటంతటవి రాలేదు. నేను పిలిపించాను."

"ఒచ్చినాయి కదే. ఎలా ఒత్తే ఏటి?"

"రేపు అధికారి అడుగుతాడు, ఏమైనా పెట్టారా అని."

అమ్మ గొంతు పెంచింది. "అట్టుకెల్లింది నువ్వే, అట్టుకొచ్చింది నువ్వే. మజ్జిలో మేం సేసిన తప్పేటే? పెట్టలేదని సెప్పు. ఒక్క ముక్క. మూగదానివి కదా ఎప్పుడూ, రేపూ మూగదానిలాగే ఉండు."

అమ్మ అడిగింది న్యాయమే. ఆ రోజంతా పక్షుల్ని చూస్తూ కూర్చున్నాను. ఒక్కోటి నిమిషానికి ఇరవై తొమ్మిదిసార్లు గుచ్చుతోంది. కొత్తతిప్పలో నలభై నాలుగుసార్లు గుచ్చేది. గుచ్చిన ప్రతిసారీ ఏదో దొరికితే అన్నిసార్లు గుచ్చక్కర్లేదు.

తొమ్మిదో తేదీ పోటు పదిన్నరకు. శ్రీహరిరాజు గారు జీపు దిగి, దుర్భిణి కళ్ళకు పెట్టుకుని, "అమ్మ బాబోయ్" అన్నారు. హైమవతి గారు దుర్భిణి పెట్టుకోలేదు. గట్టు మీది పక్షుల్ని చూసి, నీళ్ళ వైపు చూసి, వల గుంజల వరస మీద చూపు నిలిపి, తర్వాత నన్ను చూశారు.

ఇద్దరూ వేరువేరుగా లెక్కపెట్టారు. ఆయనకు ఆరు వేల నూట యాభై, ఆవిడకు ఆరు వేల రెండు వందల నలభై. ఆయన జీపు ముందు భాగం మీద ఫారం పెట్టి రాయడం మొదలుపెట్టారు. ఊరి ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు.

"ఇంక ఆఖరిది మేడం. పక్షుల్ని రప్పించే సాధనాలు ఏమైనా... లేవని రాసుకుంటాను."

"లేవు. రాసుకోండి" అన్నారు హైమవతి గారు.

పాతికేళ్ళలో ఆవిడ ఒక్క అంకె తప్పు రాయలేదు. లెక్క కుదరకపోతే పేజీ మొత్తం కొట్టేసి మళ్ళీ బురదలోకి వెళ్ళేవారు. అలాంటిది, నాకోసం, మా ఊరికోసం ఆ మాట అన్నారు. అంటున్నప్పుడు ఆవిడ చేతివేళ్ళు చీర అంచును నలుపుతున్నాయి.

కలం కాగితానికి తగిలింది. నాకు ఒక్కటే తోచింది. ఈ దీపం ఉందని ఎవరికీ తెలియకపోతే రేపు యార్డు కావాల్సినవాడు ఎవడైనా దీన్ని ఏదో ఒక దీవిలో పాతి, ఏ ఊరి పర్రనైనా ఖాళీ చేయించవచ్చు. అక్కడ కూడా ఎవరో ఒక అమ్మాయి గుండ్రంగా సున్న చుడుతుంది.

"ఉంది సార్" అన్నాను.

ఎవరూ వినలేదేమో అనిపించింది. మళ్ళీ గట్టిగా అన్నాను. "ఉంది. అదిగో, ఎడమ నుంచి ఏడో గుంజ. నేనే పెట్టాను. అనుమతి లేదు. మేడం గారికి చెప్పలేదు."

అమ్మ "ఒసే" అని ఆగిపోయింది. నూకరత్నం పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శ్రీహరిరాజు గారు ఆ గుంజను దుర్భిణితో చాలాసేపు చూశారు.

"దాంట్లో ఏముందమ్మా? నాకేం కనిపించట్లేదే."

"మనకు కనిపించదు సార్."

ఆయన నిట్టూర్చి, ఫారం మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు గీత గీసి, 'చెల్లదు' అని రాశారు. "నవంబరులో మళ్ళీ తియ్యాలి. నియమం మీదే కదా. ముందు ఆ గొట్టం పీకెయ్యి."

"తియ్యను సార్."

"ఏంటీ?"

"అవి ఇంకా అరవై గ్రాములకు కూడా చేరలేదు. ఇరవై రోజులు తింటే గానీ ఎగరలేవు. అవి వెళ్ళాక నేనే పీకి తెచ్చి మీ బల్ల మీద పెడతాను."

"ఈ మాటే రాసిస్తావా? రాసిస్తే నీ చదువు సంగతి నాకు తెలీదు మరి."

"రాసిస్తాను."

ఆయన తెల్లకాగితం ఇచ్చారు. జీపు మీద పెట్టి రాశాను. రెండేళ్ళ కిందట గుల్లమొగ పక్షుల్ని దీపంతో కొత్తతిప్పకు తరలించామని, అందువల్లే సున్నలు వచ్చాయని, ఊరికీ పక్షులకూ జరిగే నష్టం తెలియక చేశామని, ఇప్పుడు దీపాన్ని ఇక్కడికి తెచ్చింది నేనని రాశాను. నవంబరులో దీపం లేకుండా, పోటులోనూ పాటులోనూ లెక్క తీయాలని కోరుతున్నానని చివర కలిపాను. అప్పటికి ఎన్ని వస్తాయో నాకు తెలియదు. పాత కాలవ దగ్గరకు వచ్చే ఆ ముప్పయ్యో నలభయ్యో రావచ్చు. అవి కూడా రాకపోవచ్చు.

అమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. చదవడం రాదు కాబట్టి అక్షరాల్ని కాకుండా నా మొహాన్ని చూసింది.

"ఏం రాసేవే?"

"నవంబరు దాకా పర్ర ఎవరికీ ఇవ్వడానికి లేదమ్మా."

"తర్వాతో?"

అమ్మ కోపంగా ముక్కు చీది, గంప తీసుకుని గట్టు వైపు నడిచింది. పాటు మొదలైంది. నీళ్ళు తగ్గుతున్నాయి.

హైమవతి గారు నా చేతిలోంచి కాగితం లాక్కున్నట్టే తీసుకున్నారు. కళ్ళజోడు సరిచేసుకుని, నా పరీక్ష పేపరు దిద్దేటప్పుడు చదివినట్టే మొదటి నుంచి చదివారు. ఒకచోట వేలు ఆగింది.

"ఇక్కడ 'తెలియక' అని రాశావేం?"

"అప్పుడు మనకు తెలియదు కదా మేడం."

"మీ అమ్మ మొదటి నెలలోనే ఫోన్ చేసింది. నువ్వు వచ్చి నాకు చెప్పావు. అలవాటవుతుందిలే అని నేనూ అన్నాను." ఆవిడ కాగితాన్ని నా ముందుకు తోశారు. కోపం నా మీదో, తన మీదో చెప్పలేను. "కొట్టెయ్."

నేను 'తెలియక' అన్న మాట మీద గీత గీశాను. నా సంతకం కింద ఆవిడ తన సంతకం పెట్టారు.